నడవని యంత్రం నడిచిందని సంతకం పెట్టమంటున్నారు

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. పర్యావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీ చేశాను. సంగారెడ్డి జిల్లాలో మందుల ముడిసరుకు తయారుచేసే ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో పర్యావరణ, భద్రత విభాగంలో పనిచేస్తున్నాను. ఇంటర్వ్యూలో ఎండీగారు స్వయంగా ‘ప్రకృతిని కాపాడటమే మా మొదటి విలువ’ అన్నారు. ఆ మాట నచ్చే చేరాను. ఏటా జూన్ 5న అందరం ఆకుపచ్చ టీషర్టులు వేసుకుని మొక్కలు నాటుతాం. కానీ మా వ్యర్థజలాల శుద్ధి ప్లాంటులో రసాయనాలను విడదీసే స్ట్రిప్పర్ నెలల తరబడి సరిగా పనిచేయడం లేదు. దానివల్ల నీటిని ఆవిరి చేసే ఎంఈఈ కూడా తరచూ ఆగిపోతోంది. ఆగిన రోజుల్లోనూ నడిచినట్టు లాగ్‌బుక్కులో రాసి సంతకం పెట్టమని మేనేజరుగారు అంటున్నారు. ఇప్పటిదాకా పెట్టలేదు, ఏదో ఒక వంకతో సెలవు తీసుకుని తప్పించుకుంటున్నాను. ‘అన్ని కంపెనీల్లోనూ ఇంతే, ముందు ప్రొడక్షన్’ అంటారాయన. మా నాన్న రైతు. ఇలాంటి కంపెనీల వల్లే మా ఊరి బోరు నీళ్లు పాడయ్యాయని ఆయన బాధపడుతుంటే నాకు తలెత్తుకోబుద్ధి కాదు. ఇంటి రుణం ఇంకా తీరలేదు. కంపెనీ విలువలూ నా విలువలూ కలవవని ఒప్పుకుని మానేయాలా? సర్దుకుపోవాలా? వాళ్లను మార్చడం నా వల్ల అవుతుందా?

సమాధానం: అమ్మా, ముందుగా ఒక్క మాట స్పష్టంగా చెబుతాను. ఆ సంతకం పెట్టకండి. ఉద్యోగంలో ఉండాలా మానాలా అన్నది నిదానంగా తేల్చుకోవచ్చు. ఎండీగారి మనసు మారుతుందా లేదా అన్నది కొన్ని నెలలు ఆగి చూడవచ్చు. సంతకం సంగతి మాత్రం ఆ పేజీ మీ ముందుకు వచ్చిన క్షణంలోనే తేలాలి. సెలవులతో తప్పించుకోవడం ఎక్కువ కాలం సాగదు. మీరు లేని రోజు అదే పేజీ మీకంటే చిన్న జీతగాడి ముందుకు వెళుతుంది, కాదనే ధైర్యం అతనికి ఉండకపోవచ్చు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానో ఇతర రంగాల పాఠకులకూ అర్థం కావాలి, అందుకని ఆ ప్లాంటులో జరిగే పనిని కొంచెం వివరిస్తాను. మందుల తయారీలో వచ్చే వ్యర్థజలాల్లో ఒక భాగం విపరీతమైన ఉప్పుతో, సాల్వెంట్లతో, అంటే రసాయన ద్రావకాలతో వస్తుంది. దాన్ని మొదట స్ట్రిప్పర్‌లో వేడిచేసి సాల్వెంట్లను విడదీస్తారు. తర్వాత ఎంఈఈలో, అంటే వరుసగా అమర్చిన ఆవిరి పాత్రల్లో, నీటిని ఆవిరి చేస్తారు. మిగిలిన చిక్కటి ద్రవాన్ని డ్రయ్యర్‌లో ఆరబెడితే ఉప్పు మిగులుతుంది. ఆ ఉప్పు దుండిగల్‌లో ఉన్నటువంటి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పోవాలి. చల్లారి తిరిగి వచ్చిన నీటిని మళ్లీ శుద్ధి చేసి కూలింగ్ టవర్లకు వాడుకోవాలి. చుక్క నీరు కూడా గేటు దాటకూడదన్నదే జీరో లిక్విడ్ డిశ్చార్జ్ పద్ధతి. కాబట్టి ఎంఈఈ ఆగి, ప్రొడక్షన్ మాత్రం ఆగకపోతే, ఆ నీరు ట్యాంకుల్లో పేరుకుపోవాలి, లేదంటే ఎటో పోవాలి. ఎటు పోయిందన్న ప్రశ్నను ఎవరూ అడగకుండా చేయడానికే ‘నడిచింది’ అని రాయమంటారు.

అయితే ఆ అబద్ధం నిలవదు. మీ లాగ్‌బుక్కులో ఒక రోజు 40 కిలోలీటర్ల నీరు ఆవిరైందని రాశారనుకుందాం. ఆ నీటిలో లీటరుకు 50 గ్రాముల ఉప్పు ఉంటే 40 వేల లీటర్లకు రెండు వేల కిలోలు రావాలి. ఆ రెండు టన్నుల ఉప్పు ఏది? మూడు దశల ఎంఈఈలో కిలో ఆవిరి పెడితే సుమారు రెండు, రెండున్నర కిలోల నీరు ఆవిరవుతుంది. అంటే ఆ రోజు బాయిలర్ నుంచి 16 నుంచి 20 టన్నుల ఆవిరి అక్కడికి వెళ్లి ఉండాలి. దానికి కాల్చిన బొగ్గు లెక్క ఏది? పంపులు తిరిగిన కరెంటు మీటరు రీడింగు ఏది? బయటికి పంపిన ప్రతి ఉప్పు లోడుకీ 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం మేనిఫెస్టు, అంటే రవాణా పత్రం, ఉండాలి, దాని ప్రతులు పంపినవారి దగ్గరా, రవాణా చేసినవారి దగ్గరా, తీసుకున్నవారి దగ్గరా ఉంటాయి. కాలుష్య నియంత్రణ మండలి ఇంజనీరు ఒకరు లాగ్‌బుక్కునీ, బాయిలర్ రిజిస్టర్‌నీ, మేనిఫెస్టులనీ పక్కపక్కన పెట్టుకుని కూర్చుంటే చాలు. అప్పుడు ఆ పేజీ మీద ఎవరి సంతకం ఉందన్నదే మొదటి ప్రశ్న అవుతుంది. 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టంలోని 47వ సెక్షన్ కంపెనీని నడిపేవారితోనే ఆగదు. ఏ అధికారి సమ్మతితో, ఎవరి ఉపేక్షతో తప్పు జరిగిందని తేలుతుందో ఆ అధికారి కూడా బాధ్యుడే అంటుంది. మీ మేనేజరు నోటిమాటగా చెప్పినదానికి సాక్ష్యం ఉండదు. మీ సంతకం మాత్రం ఉంటుంది.

ఇక మేనేజరుతో ఏమని చెప్పాలి? నీతి బోధించకండి. ఆయన కూడా నెలాఖరు టార్గెట్ల కింద నలిగే మనిషే అయి ఉంటారు. నాకు తోచిన మాట ఇది: ‘సార్, ఆగిందని రాస్తే మరమ్మతుకు డబ్బు అడగడానికి మన దగ్గర ఆధారం ఉంటుంది. నడిచిందని రాస్తే, బాగానే నడుస్తోంది కదా, మరమ్మతు దేనికని పైవాళ్లే అడుగుతారు.’ మీ స్ట్రిప్పర్ ఇన్ని నెలలుగా బాగుపడకపోవడానికి బహుశా ఇదే కారణం. కాగితం మీద అంతా సవ్యంగా ఉన్న యంత్రానికి ఏ ఫైనాన్స్ విభాగమూ డబ్బు విడుదల చేయదు. దొంగ లెక్క బయటివాళ్లను మోసం చేయడానికే రాస్తారనుకుంటాం. నిజానికి అది ముందుగా యజమానినే చీకట్లో ఉంచుతుంది.

లాగ్‌బుక్కులో మీరు రాయవలసింది చాలా చిన్నది. ‘ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 2 వరకు ఎంఈఈ నిలిచింది. కారణం వ్యాక్యూమ్ తగ్గడం. ఫీడ్ ట్యాంకు మట్టం ఇంత.’ విశేషణాలు వద్దు, ఫిర్యాదు స్వరం వద్దు. అదే సమాచారాన్ని ఆ రోజే మేనేజరుకు మెయిల్ పెట్టండి. ఆయన కోపగించుకుంటే కోపగించుకోనివ్వండి, మెయిల్ మాత్రం వెళ్లాలి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వద్దాం. కంపెనీ విలువలూ మన విలువలూ కలవడమంటే, ఇద్దరికీ చెట్లంటే ఇష్టం ఉండటమని చాలామంది అనుకుంటారు. నా అభిప్రాయం వేరు. మీ ఎండీగారికి ప్రకృతి అంటే నిజంగానే ప్రేమ ఉండవచ్చు, లేకపోనూ వచ్చు. దాన్ని తెలుసుకునే దారి మీకూ లేదు, నాకూ లేదు, దానివల్ల వాగులో నీటికి వచ్చేదీ పోయేదీ లేదు. ఒక ఫ్యాక్టరీలో చూడవలసింది ఒక్కటే: వ్యర్థజలాల ట్యాంకులు నిండిపోయిన రాత్రి, రియాక్టర్‌లో కొత్త బ్యాచ్ వేయకుండా ఆపే అధికారం ఎవరికి ఉంది? పర్యావరణ విభాగం షిఫ్టు ఇన్‌చార్జికి ఆ అధికారం ఉండి, అతను ఆపినందుకు మర్నాడు ఎవరూ నిలదీయని చోట యజమాని విలువా ఉద్యోగి విలువా కలిసినట్టే. అక్కడ ఒక్క మొక్క కూడా నాటకపోయినా సరే. ఆ అధికారం లేని చోట గోడల మీద ఎన్ని నినాదాలు రాసినా కలవనట్టే.

అలాగని జూన్ 5 కార్యక్రమాన్ని తేలిగ్గా చూడకండి. ఆ రోజు ఇష్టంగా గుంతలు తవ్వినవాళ్లు ఎవరో గుర్తు తెచ్చుకోండి. వారిలో చాలామంది చుట్టుపక్కల ఊళ్ల ఆపరేటర్లే అయి ఉంటారు. ఫ్యాక్టరీ వాసన పీల్చేదీ, పాడైన బోరు నీళ్లు తాగేదీ వాళ్ల పిల్లలే. ఫ్యాక్టరీలో మీకు తోడు నిలిచేవాళ్లు అక్కడ దొరుకుతారు.

‘అన్ని కంపెనీల్లోనూ ఇంతే’ అన్న మాట మీద నాకు చాలా కోపం ఉంది. పటాన్‌చెరు ప్రాంతం దశాబ్దాల పాటు ఆ మాట వింటూనే నష్టపోయింది. నక్కవాగు వెంట ఉన్న పొలాలు పాడయ్యాయి, చెరువులు రంగు మారాయి. పటాన్‌చెరులో వైద్యం చేసుకునే డాక్టర్ అల్లాణి కిషన్‌రావు గారు తన దగ్గరికి వచ్చే రోగులను చూసి ఊరుకోలేక, ఊళ్లతో కలిసి కోర్టుల దాకా వెళ్లి పోరాడారు. 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోకిమ్ లార్సన్ బృందం, అక్కడి సుమారు 90 మందుల కంపెనీల నీటిని శుద్ధి చేసే ఉమ్మడి ప్లాంటు నుంచి నమూనాలు పరీక్షించి ఫలితాలు ప్రచురించింది. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ కనిపించింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదును మించిన మొత్తమది. ఆ నమూనాలు దొంగచాటుగా వదిలిన మురుగువి కావు. శుద్ధి పూర్తయిందని లెక్కల్లో రాసుకున్న నీటివి. అలాంటి నీటిలో బతికి బట్టకట్టిన బ్యాక్టీరియాకు ఆ మందు ఇక పనిచేయదు. ఆ బ్యాక్టీరియా సంగారెడ్డి జిల్లా సరిహద్దు దగ్గర ఆగదు.

ఆ తర్వాత ఎంతో కొంత మారింది. 2014లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి, మందుల తయారీతో కలిపి 17 రకాల పరిశ్రమలు కాలుష్యాన్ని కొలిచే ఆన్‌లైన్ మీటర్లు పెట్టి తీరాలని ఆదేశించింది. కానీ యాంటీబయోటిక్ అవశేషాల పరిమితుల విషయంలో వెనకడుగు పడింది. 2020 జనవరిలో కేంద్రం ముసాయిదాలో పరిమితులు పెట్టింది, 2021లో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో అవి కనిపించలేదు. ఇది మీలాంటివాళ్లు బాగా గమనించవలసిన చోటు. చట్టం అడగని దాన్ని విదేశీ కొనుగోలుదారులు అడుగుతున్నారు. యాంటీబయోటిక్ తయారీలో వ్యర్థజలాలు ఎలా ఉండాలో చెబుతూ పరిశ్రమల కూటమి 2022లో ఒక ప్రమాణం తెచ్చింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. మీ కంపెనీ ఐరోపాకు సరుకు పంపుతుంటే, కొనుగోలుదారుల ఆడిట్‌కు వచ్చేవాళ్లు శుద్ధి ప్లాంటు వైపు ఒకసారి నడవకుండా పోరు. మీ ఎండీగారికీ మీకూ ప్రకృతి మీద ఒకే అభిప్రాయం లేకపోయినా, ఆ ఆడిట్ గురించి మాత్రం ఒకే ఆందోళన ఉంటుంది. మాట అక్కడ మొదలుపెట్టండి.

అలా మొదలుపెట్టడానికి మీ స్ట్రిప్పరే మంచి సందర్భం. అది పనిచేయకపోతే సాల్వెంట్లు ఎంఈఈలోకి పోతాయి, నురగ వస్తుంది, వ్యాక్యూమ్ నిలవదు, చివరికి ఎంఈఈ ఆగుతుంది. మీరు రాసిన రెండు సమస్యలూ ఒకదాని కొస ఒకటి పట్టుకున్నవే. ఇంకొంచెం వెనక్కి వెళితే అసలు లోపం ప్రొడక్షన్ బ్లాకులో దొరకవచ్చు. మదర్ లిక్కర్‌ను, అంటే మందును వేరుచేశాక మిగిలే ద్రవాన్ని, విడిగా పట్టి సాల్వెంటు తీసుకోకుండా నేరుగా డ్రెయిన్‌లోకి వదిలేస్తున్నారేమో చూడండి. సాల్వెంటు ఆవిరిని తిరిగి ద్రవంగా మార్చే కండెన్సర్లకు వెళ్లే బ్రైన్, అంటే చల్లబరిచిన ఉప్పునీరు, తగినంత చల్లగా ఉందో లేదో రాత్రి షిఫ్టులో ఒకసారి రీడింగు తీయండి. రాత్రిపూట ఊళ్లోకి పోయే ఘాటు వాసన, కంపెనీ డబ్బు పెట్టి కొన్న సాల్వెంటే. నెలకు ఎన్ని డ్రమ్ముల సాల్వెంటు కొంటున్నారు, ఎంత తిరిగి రాబడుతున్నారు, తేడా ఎంత, ఎంఈఈ ఎన్ని గంటలు ఆగింది, ఆ గంటల వల్ల ప్రొడక్షన్‌కు ఎంత నష్టం, స్ట్రిప్పర్ బాగుచేయడానికి ఎంత అవుతుంది: ఇవన్నీ ఒకే ఒక్క పేజీలో రాయండి. ప్రొడక్షన్‌లో మీకు నమ్మకమున్న ఒక షిఫ్టు ఇన్‌చార్జి చేత అంకెలు సరిచూపించండి. ఆయన పేరు కూడా ఆ పేజీ మీద ఉంటే దాని బరువు వేరు. పర్యావరణ విభాగం ఒక్కటే పంపిన కాగితాన్ని పైవాళ్లు ఖర్చుగా చదువుతారు. ప్రొడక్షన్‌తో కలిసి పంపితే పనిగా చదువుతారు.

ఒంటరిగా ముందుకు వెళ్లవద్దని చెప్పడానికి దూరం నుంచి ఒక ఉదాహరణ. సియాటిల్‌లోనూ మన హైదరాబాద్‌లోనూ ఎందరో తెలుగువాళ్లు పనిచేసే అమెజాన్‌లో, 2019 ఏప్రిల్‌లో వేల మంది ఉద్యోగులు తమ పేర్లతో బహిరంగ లేఖ రాశారు. వాతావరణ మార్పుపై కంపెనీ స్పష్టమైన ప్రణాళిక ప్రకటించాలని కోరారు. సంతకాలు 8,700 దాటాయి. మే నెలలో వాటాదారుల సమావేశంలో వారి తీర్మానం ఓడిపోయింది. సెప్టెంబరు 20న పని ఆపి బయటికి వస్తామని ఉద్యోగులు ప్రకటించారు. దానికి సరిగ్గా ముందు రోజు, 2040 నాటికి నికర కర్బన ఉద్గారాలు సున్నాకు తెస్తామని కంపెనీ ప్రకటించింది. కదలిక వచ్చింది, మూల్యమూ పడింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఆ బృందంలో ముందున్న ఇద్దరు మహిళలను ఉద్యోగాల నుంచి తీసేశారు. 2021లో వారితో కంపెనీ రాజీకి వచ్చింది. వేల మంది సంతకాలు పెట్టినప్పుడు మాట వినిపించింది, దెబ్బ మాత్రం కళ్లకు కనిపించిన ఇద్దరి మీద పడింది. మీ ఫ్యాక్టరీలో ఆ కనిపించే మనిషి మీరొక్కరే కాకుండా చూసుకోండి.

మన దగ్గర అందుకు చట్టబద్ధమైన దారి ఉంది. భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించినప్పుడు, ప్రమాదకర ప్రక్రియలున్న ఫ్యాక్టరీల్లో భద్రతా కమిటీ ఉండాలనీ, అందులో యాజమాన్యానికీ కార్మికులకూ సమాన సంఖ్యలో ప్రతినిధులు ఉండాలనీ రాశారు. కొత్త కార్మిక కోడ్‌లోనూ భద్రతా కమిటీ ఏర్పాటు ఉంది. చాలా చోట్ల ఈ కమిటీ మినిట్స్ పుస్తకం ఆడిట్ ముందు రోజు నిండుతుంది, అది నాకు తెలుసు. మీ విభాగమే దాన్ని నిర్వహిస్తుంది కాబట్టి నిజంగా సమావేశం జరిగేలా చూడటం మీ చేతిలో ఉన్న పని. స్ట్రిప్పర్ మరమ్మతును ఎజెండాలో పెట్టించి, తేదీ, బాధ్యుడి పేరుతో మినిట్స్‌లో నమోదు చేయించండి.

అక్కడా కదలకపోతే ఇంకో మెట్టు ఉంది. స్టాక్ మార్కెట్‌లో నమోదైన కంపెనీలైనా, బ్యాంకుల నుంచి, ప్రభుత్వ ఆర్థిక సంస్థల నుంచి 50 కోట్ల రూపాయలకు మించి అప్పు తెచ్చిన కంపెనీలైనా, 2013 కంపెనీల చట్టం 177వ సెక్షన్ ప్రకారం ఉద్యోగులు నిర్భయంగా సమస్య చెప్పుకునే ఏర్పాటు పెట్టాలి. చెప్పినవారిని వేధించకుండా రక్షణ ఉండాలి. మీ కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ విధానం ఉందేమో చూడండి. ఎండీగారు అన్న ఆ మొదటి మాటకు కట్టుబడతారో లేదో తేలేది కూడా అప్పుడే. ఆయనకు ఇవేవీ తెలియవనే అవకాశాన్ని పూర్తిగా కొట్టిపారేయకండి. మేనేజరు పైకి పంపే నివేదికలో మీ ఎంఈఈ రోజూ నడుస్తూనే ఉండి ఉంటుంది.

కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు చేయడం చివరి దారి. దానికి ముందు ఒక న్యాయవాదిని కలవండి. మీరు పంపిన మెయిళ్లు, మీరు స్వయంగా చూసినవాటి తేదీలు రాసి ఉంచుకోండి. కంపెనీ రహస్య పత్రాలను ఫోనులో ఫొటోలు తీసి బయటికి పంపకండి, సోషల్ మీడియాలో పెట్టకండి. దానివల్ల మీరు చెప్పే నిజం పక్కకు పోయి మీ మీద కేసు మిగులుతుంది. కానీ ఒక్క సందర్భంలో ఈ మెట్లేవీ వర్తించవు. విషవాయువు లీకవడమో, ఊరి చెరువులోకి ట్యాంకర్ వదలడమో కళ్లముందు జరుగుతుంటే వెంటనే చెప్పవలసినవాళ్లందరికీ చెప్పండి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని వెంకటాపురంలో స్టైరీన్ లీకై 12 మంది ప్రాణాలు పోయాయి. అలాంటి చోట ఒక్క గంట ఆలస్యం కూడా తప్పే.

మీ నాన్నగారి విషయం. మీరు ఆ కంపెనీలో పనిచేయడం ఆయనకు చేస్తున్న ద్రోహం అనుకోకండి. ఆ ప్లాంటులో ఏ ట్యాంకు నిండింది, ఏ పంపు ఆగింది అన్నది తెలిసిన మనిషి, కాగితం మీద అబద్ధం రాయను అన్న మనిషి అక్కడ ఉండటం ఊరికి అవసరం. మీరు వెళ్లిపోతే ఆ కుర్చీ ఖాళీగా ఉండదు, అడిగిన చోటల్లా సంతకం పెట్టేవాళ్లను వెతికి కూర్చోబెడతారు. అయితే ఆ అవసరం కోసం మీ ఆరోగ్యాన్నీ, మీ పేరునూ పణంగా పెట్టమని ఎవరూ అడగకూడదు, నేనూ అడగను. కాబట్టి మీకు మీరే ఒక గడువు పెట్టుకోండి. ఈలోపు ఆరు నెలల ఇంటి రుణం వాయిదాలకు సరిపడా డబ్బు పక్కన పెట్టుకోండి. మీ ఒక్క పేజీ ప్రతిపాదనకు గడువులోగా తేదీతో కూడిన జవాబు వస్తే ఉండండి, ఆలస్యమైనా ఫరవాలేదు. జవాబు రాకుండా సంతకం కోసం ఒత్తిడి పెరిగినా, మీరు రాసిన పేజీ చించి కొత్త పేజీ అతికించినా, ఇక ఆలోచించవద్దు. మరో ఉద్యోగం చూసుకుని వచ్చేయండి.

వచ్చే ఇంటర్వ్యూలో ‘మీరు పర్యావరణానికి ఎంత విలువ ఇస్తారు’ అని మాత్రం అడగకండి. దానికి ఎవరైనా ఒకటే జవాబు చెబుతారు. పర్యావరణ విభాగం అధిపతి ఎవరికి జవాబుదారీ అని అడగండి. ప్లాంట్ హెడ్‌కే అంటే జాగ్రత్తపడండి, ప్రొడక్షన్ టార్గెట్ మోసే మనిషే దాన్ని ఆపే మనిషి కూడా కాలేడు. పోయిన ఏడాది ఎంఈఈ ఎన్ని గంటలు ఆగిందో అడగండి. ‘అసలు ఆగలేదు’ అంటే నమ్మకండి, ఆగని ఎంఈఈ ఎక్కడా ఉండదు. ‘ఇన్ని గంటలు ఆగింది, అప్పుడు ఇన్ని బ్యాచ్‌లు వాయిదా వేశాం’ అన్న జవాబు వస్తే జీతం కాస్త తక్కువైనా ఆ కంపెనీ గురించి ఆలోచించండి. వీలైతే ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందు శుద్ధి ప్లాంటు ఒకసారి చూపించమనండి. అక్కడి ఆపరేటర్‌తో రెండు నిమిషాలు మాట్లాడండి, లాగ్‌బుక్కు అడిగి గత వారం పేజీలు తిప్పండి. అన్ని రోజులూ ఒకే చేతిరాత, ఒకే పెన్ను, సున్నాలతో ముగిసే అంకెలు కనిపిస్తే మర్యాదగా ధన్యవాదాలు చెప్పి బయటికి వచ్చేయండి.

భద్రతా కమిటీలో ఏం తేలిందో నాకు మళ్లీ రాయండి. ఆ ఒక్క పేజీ ప్రతిపాదన పంపేముందు ఎవరైనా చూస్తే బాగుంటుందనిపిస్తే, కంపెనీ పేరు తీసేసి పంపండి. అంకెలు సరిచూసి తిరుగు టపాలో పంపిస్తాను.